మాత్రలోని ‘సి’ విటమినును కొలుచు విధము

మందుల అంగడి నుండి ‘సి’ విటమిను మాత్రలు కొని తెచ్చుకొనుట నేడు మన యిండ్లలో సామాన్యమైన అలవాటైనది. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలిన నాటినుండి ఈ అలవాటు మరింత హెచ్చినది. నారింజరంగు గల ఆ బిళ్ళలను పిల్లలు మిఠాయివలె చప్పరించుచుందురు. అట్టపై 500 మి.గ్రా. అని అచ్చువేయబడి యుండును. దానిని చూచి తల్లిదండ్రులలో కొందరు మమ్ము రెండు ప్రశ్నలు అడుగుచుందురు. అట్టపై వ్రాసినంత విటమిను అందులో నిజముగా నున్నదా? ఉన్నచో అంత విటమిను మా పిల్లవానికి అవసరమా?

మొదటి ప్రశ్నకు సమాధానమును పదవ తరగతి విద్యార్థి పాఠశాల ప్రయోగశాలలోనే తన చేతులతో కనుగొనవచ్చును. రెండవ ప్రశ్నకు ఆ ప్రయోగమొక్కటియే చాలదు గాని, అది సరియైన త్రోవ చూపగలదు. అందువలన ఆ ప్రయోగమును తల్లిదండ్రులకు సుబోధకమగునట్లు ఇచ్చట వివరింపదలచితిమి.

‘సి’ విటమిను యననేమి?

ఆవు, మేక మొదలగు పెక్కు జంతువులు ‘సి’ విటమినును తమ శరీరములోనే తయారు చేసికొనును. మనుష్యునకు ఆ శక్తి లేదు. ఆహారమునుండియే దానిని పొందవలెను. అది చాలకున్నచో చిగుళ్ళు వాచి రక్తము కారును, పండ్లు కదలును, గాయములు మానవు. ఈ వ్యాధికి స్కర్వి యని పేరు. పూర్వము నెలల తరబడి ఓడలలో ప్రయాణము చేయు నావికులలో అనేకులు దీనివలన మరణించిరి.

1747వ సంవత్సరమున జేమ్సు లిండ్ అను ఆంగ్ల నౌకాదళ వైద్యుడు సాలిస్‌బరీ యను ఓడలో పండ్రెండుగురు రోగులను ఇద్దరిద్దరుగా ఆరు జతలు చేసి, ఒక్కొక్క జతకు ఒక్కొక్క విధమైన మందునిచ్చి చూచెను. నారింజ, నిమ్మపండ్లు తిన్న ఇద్దరును వారము తిరుగకమునుపే కోలుకొనిరి. అయినను నౌకాదళమువారు నిమ్మరసమును నావికులకు క్రమముగా ఇచ్చుటకు 1795 వరకు పట్టినది. పండులోని గుణమేదో తెలిసినది గాని, ఆ పదార్థమేదో మరి నూరేండ్లు దాటువరకు తెలియలేదు. 1928లో హంగరీ దేశస్థుడగు ఆల్బర్ట్ సెంట్ జ్యోర్జి ఒక పదార్థమును వేరుచేసెను. అదియే ‘సి’ విటమినని తరువాత తేలినది. దానిని విరివిగా సంపాదించుటకు ఆయనకు తోడ్పడినది ఆ దేశపు మిరపకాయ యన్నచో, మిరప లేనిదే ముద్ద దిగని మనవారికి సంతోషము కలుగకపోదు. 1937లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఆ పదార్థమునకు రసాయనశాస్త్రమున ఆస్కార్బిక్ ఆమ్లమని పేరు.

అయొడిన్, గంజి

ఈ విటమినునకు ఒక స్వభావము కలదు. అది తాను సులభముగా ఆక్సీకరణము చెంది ఎదుటి పదార్థమును క్షయకరణము చేయును. అయొడిన్‌తో కలిసినప్పుడు ఈ పని క్షణములో జరుగును. గోధుమవన్నె గల అయొడిన్ రంగులేని అయొడైడుగా మారిపోవును. ఈ మార్పు ఒక నిశ్చితమైన నిష్పత్తిలో జరుగును. 176 గ్రాముల విటమినునకు 254 గ్రాముల అయొడిన్ సరిపోవును. ఎక్కువయు కాదు, తక్కువయు కాదు. ఎంత అయొడిన్ ఖర్చయినదో తెలిసినచో, ఎంత విటమిను ఉన్నదో తెలిసినట్లే.

విటమిను పూర్తిగా ఖర్చయిన క్షణమును గుర్తించుట యెట్లు? ఇందుకు గంజి సహాయపడును. గంజిలోని పిండిపదార్థపు అణువు దారపు చుట్టవలె మెలికలు తిరిగి యుండును. ఆ మెలికల నడుమ అయొడిన్ చొచ్చినప్పుడు ముదురు నీలిరంగు పుట్టును. విటమిను మిగిలియున్నంతకాలము పడిన ప్రతి అయొడిన్ చుక్కను అది మ్రింగివేయును. కావున గంజికి అయొడిన్ దక్కదు. విటమిను అయిపోయిన తరువాత పడిన మొదటి చుక్క గంజిని చేరును. ద్రవము నీలమగును. అదియే ప్రయోగము ముగిసినదనుటకు సూచన. అందువలన గంజిని సూచకమని పిలుతురు.

కోయంబత్తూరు, మధురలలోని మనవారిలో పెక్కుమందికి మగ్గముతోనో మిల్లుతోనో తరతరములుగా సంబంధము కలదు. పడుగు నూలుకు గంజి పెట్టుట యెందులకో వారికి వేరుగా చెప్పనక్కరలేదు. నేసిన బట్టకు అద్దకము వేయుటకు ముందు ఆ గంజి పూర్తిగా పోయినదో లేదో చూచుటకు అయొడిన్ చుక్క వేసి పరీక్షించుట కలదు. నీలిరంగు వచ్చినచో గంజి యింకను మిగిలియున్నదని యర్థము. బట్టకు చేయు పరీక్షకును మాత్రకు చేయు పరీక్షకును మూలసూత్రమొక్కటియే. అచ్చట అయొడిన్‌తో గంజిని కనుగొందురు. ఇచ్చట గంజితో అయొడిన్‌ను కనుగొందుము.

ప్రయోగ విధానము

ఒక ద్రావణమును మరియొక ద్రావణములో చుక్క చుక్కగా విడిచి, ఖర్చయిన పరిమాణమునుబట్టి లెక్కకట్టు ఈ పద్ధతికి అంశమాపనమని పేరు. దీనికి కావలసిన సామగ్రి స్వల్పము. గీతలు గల పొడవైన గాజుగొట్టమగు బ్యూరెట్టు ఒకటి, పది మిల్లీలీటరుల పిప్పెట్టు ఒకటి, కొలజాడీ, శాంకవ కుప్పెలు, త్రాసు ఉన్న చాలును.

మొదట అయొడిన్ ద్రావణమును సిద్ధపరచవలెను. అయొడిన్ వట్టి నీటిలో కరుగుట బహు స్వల్పము. అందుచేత నాలుగు గ్రాముల పొటాసియం అయొడైడును కొద్దిపాటి నీటిలో కరగించి, అందులో 1.27 గ్రాముల అయొడిన్‌ను వేసి పూర్తిగా కరగిన తరువాత, ఒక లీటరు అగువరకు నీరు చేర్చవలెను. గంజికై ఒక గ్రాము పిండిని చన్నీటిలో కలిపి, మరుగుచున్న నూరు మిల్లీలీటరుల నీటిలో పోసి చల్లార్చవలెను. వేడిమీద నీలిరంగు నిలువదు గనుక ప్రయోగమంతయు చల్లని ద్రవములతోనే జరుగవలెను.

తరువాత ఒక మాత్రను మెత్తగా నూరి, పొడి యేమాత్రమును పోకుండ స్వేదనజలములో కలిపి, 250 మిల్లీలీటరులు చేయవలెను. అట్టపై వ్రాసినది నిజమైనచో ఈ నీటిలో మిల్లీలీటరునకు రెండు మిల్లీగ్రాముల విటమిను ఉండును. దీనినుండి పది మిల్లీలీటరులను పిప్పెట్టుతో కుప్పెలోనికి తీసి, ఒక మిల్లీలీటరు గంజి చేర్చి, కుప్పె క్రింద తెల్లకాగితము నుంచి, బ్యూరెట్టునుండి అయొడిన్‌ను విడువవలెను. కుప్పెను ఒక చేతితో త్రిప్పుచుండవలెను. తొలుత నీలపుమచ్చ కనబడి వెంటనే మాయమగును. ముగింపు సమీపించుకొలది ఆ మచ్చ మెల్లగా మాయమగును. అప్పుడు చుక్క చుక్కగా మాత్రమే విడువవలెను. నీలిరంగు అరనిమిషము నిలిచినచో ఆపి, కన్నును ద్రవపు మట్టమునకు సమానముగా నుంచి గీతను చదువవలెను.

ఒక్కసారి చేసిన చాలదు. మూడు కొలతలు ఒకదానితో ఒకటి పదవవంతు మిల్లీలీటరులోపల సరిపోవువరకు మరల మరల చేయవలెను.

లెక్క కట్టుట

అయొడిన్ ద్రావణపు బలమును మనము తూచి చేసినంత మాత్రమున నమ్మరాదు. అయొడిన్ గాలిలోనికి ఆవిరియై పోవును గనుక నిలువయున్నకొలది బలము తగ్గును. అందువలన శుద్ధమైన ఆస్కార్బిక్ ఆమ్లమును 500 మి.గ్రా. తూచి, దానిని కూడ 250 మిల్లీలీటరుల నీటిలో కరగించి, అదే అయొడిన్‌తో, అదే దినమున కొలిచి చూతుము. దీనిని ప్రమాణ ద్రావణమందురు. అంగడిలో తూకమును పరీక్షించుటకు ముద్రవేసిన రాయి యెట్టిదో, ఇచ్చట ఈ ప్రమాణ ద్రావణమట్టిది.

ఉదాహరణకు, ప్రమాణ ద్రావణము పది మిల్లీలీటరులకు 22.6 మిల్లీలీటరుల అయొడిన్ పట్టినదనుకొందము. మాత్ర ద్రావణము పది మిల్లీలీటరులకు 22.1 పట్టినదనుకొందము. 22.6 మిల్లీలీటరులు 500 మిల్లీగ్రాములకు సమానమైనచో 22.1 మిల్లీలీటరులు ఎన్నింటికి సమానము? ఇది ఏడవ తరగతిలో నేర్చిన త్రైరాశికమే. సమాధానము 489 మిల్లీగ్రాములు. అనగా అట్టపై వ్రాసినదానిలో నూటికి సుమారు 98 వంతులు.

అట్లయినచో 11 మిల్లీగ్రాములు తగ్గినందులకు మాత్ర మోసమని చెప్పవచ్చునా? చెప్పరాదు. లక్షల కొలది మాత్రలను చేయునప్పుడు అన్నియు ఒక్క తూకమున నుండుట అసాధ్యము. అందుచే ఔషధ ప్రమాణ గ్రంథములు కొంత హెచ్చుతగ్గులకు తావిచ్చినవి. అమెరికా ప్రమాణ గ్రంథము ప్రకారము ఈ మాత్రలలో వ్రాసినదానిలో నూటికి 90 మొదలు 110 వరకు ఉండవచ్చును. మన కొలతకు కూడ హద్దు కలదు. బ్యూరెట్టునుండి ఒక చుక్క అధికముగా పడినచో, మాత్ర మొత్తముమీద ఒక మిల్లీగ్రాము తేడా వచ్చును. త్రాసు పది మిల్లీగ్రాములవరకే సరిగా చూపునదైనచో, 500 మి.గ్రా. తూచుటలోనే నూటికి రెండు వంతుల తేడా రావచ్చును. పైన చెప్పిన 11 మిల్లీగ్రాముల లోటు ఇంచుమించుగా ఈ త్రాసు తేడాకు సమానమే. కావున అట్టి త్రాసుతో పనిచేసిన విద్యార్థి మాత్ర తక్కువయని తీర్పు చెప్పుటకు అధికారి కాడు. అట్టపై సంఖ్యకును మా కొలతకును భేదము కనబడలేదని మాత్రమే చెప్పవలెను.

పొరపాట్లు వచ్చు తావులు

కరగించిన విటమిను గాలి తగిలినచో క్రమముగా నశించును. ఉదయము కరగించిన ద్రావణమును సాయంకాలము కొలిచినచో మాత్ర తక్కువగా కనబడును. తప్పు మాత్రది కాదు, ఆలస్యముది. రాగి, ఇనుము లేశమాత్రమున్నను ఈ నాశము త్వరపడును. అందుచేత కొళాయినీరు వాడక, కాచి చల్లార్చిన స్వేదనజలమునే వాడవలెను.

చప్పరించు మాత్రలలో చక్కెర, రంగు, పిండి మొదలగునవి కూడ ఉండును. చక్కెర అయొడిన్‌ను మ్రింగదు. పిండి యున్నచో అదియు సూచకమే యగును. రంగు మాత్రము ముగింపును గుర్తించుటకు కొంత అడ్డము. కొన్ని మాత్రలలో పులుపు తగ్గించుటకై ఆస్కార్బిక్ ఆమ్లమునకు బదులుగా కొంతభాగము సోడియం ఆస్కార్బేటు చేర్చుదురు. అయొడిన్ ఆ రెంటిని వేరుచేసి చూడలేదు, రెంటిని కలిపియే లెక్కించును. కావున అట్టపై చిన్న అక్షరములతో వ్రాసినది కూడ చదివి పోల్చుకొనవలెను.

అయొడిన్‌ను మ్రింగు ఇతర పదార్థములు పండ్లరసములలో కొన్ని యుండవచ్చును. అందుచే పండ్లరసమునకు ఈ పద్ధతివలన వచ్చు సంఖ్య ఉజ్జాయింపు మాత్రమే. ఈ ప్రయోగము విటమిను పరిమాణమును చెప్పునే గాని, మాత్రలో మరే దోషములు లేవని చెప్పదు. కొలతబద్ద పొడవును చెప్పును గాని బట్ట నాణ్యమును చెప్పదు గదా!

అయొడిన్ చర్మమునకు, బట్టలకు మరక చేయును. కడుపులోనికి పోయినచో విషము. కావున పిప్పెట్టును నోటితో పీల్చుట మేము అనుమతింపము. రబ్బరు బుడ్డినే వాడింతుము. మిగిలిన మాత్రలనీటిని త్రాగనీయము.

వచ్చిన సంఖ్యనే వ్రాయవలెను

ఈ ప్రయోగమును మేము పిల్లలచేత చేయించుటలో విటమినుకంటె ముఖ్యమైన ఉద్దేశమొకటి కలదు. అట్టపై 500 అని ముందుగనే కనబడుచున్నది. రావలసిన సమాధానము తెలిసియున్నప్పుడు వచ్చిన సమాధానమును దానివైపు జరుపవలెనని ఏ పిల్లవానికైనను ఆశ పుట్టును. 21.4 వచ్చినప్పుడు 22.4 అని వ్రాసినచో అడుగువారెవరు? మార్కులు కూడ రావచ్చును. ఈ ఆశ పరీక్షల కాలమున మరింత బలపడును.

అందువలన మేము ఒక కట్టుబాటు ఏర్పరచితిమి. గీతను చదివిన వెంటనే, లెక్క కట్టకమునుపే, సంఖ్యను సిరాతో వ్రాయవలెను. కొట్టివేయవలసివచ్చినచో పాత సంఖ్య కనబడునట్లు ఒక్క గీతతో కొట్టివేసి కారణము వ్రాయవలెను. అట్టపై సంఖ్యకు దూరమైనను, నిజముగా వచ్చిన సంఖ్యను వ్రాసి కారణమును వెదకిన విద్యార్థికే ఎక్కువ మార్కులు. తల్లిదండ్రులు ఇంటివద్ద ప్రయోగపుస్తకమును చూచునప్పుడు అందమైన సంఖ్యలకంటె ఇట్టి కొట్టివేతలను ఆదరింపుడని కోరుచున్నాము. మిల్లులో నూలు తూచునప్పుడు, వైద్యశాలలో మందు కొలుచునప్పుడు, బ్యాంకులో పద్దు వ్రాయునప్పుడు ఈ అలవాటే రేపు వారిని నిలబెట్టును.

కొలతకును తెలుగువారికిని గల బాంధవ్యము నేటిది కాదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు విద్యాలయమున ఫిస్క్ అను పండితునితో కూడి, రక్తము మొదలగు వానిలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. అందులోను నీలిరంగే సూచన. ఆ రంగు చిక్కదనమునుబట్టి భాస్వరమును లెక్కింతురు. ఆ పద్ధతి ఇద్దరి పేరులతోను ప్రసిద్ధమైనది. కోయంబత్తూరు ప్రాంతమునందలి కలంగల్ గ్రామమున 1893లో మన తెలుగు కుటుంబమున జన్మించిన జి. డి. నాయుడుగారు బడిచదువు స్వల్పమైనను, ఒక మోటారు సైకిలును కొని భాగములుగా విప్పి మరల కూర్చి యంత్రవిద్య నేర్చిరి. వస్తువును చేతబట్టి పరీక్షించిననే గాని నమ్మకపోవుట వారిరువురకును సమానగుణము.

మాత్రయా, ఉసిరికాయయా?

ఇక రెండవ ప్రశ్న. భారత వైద్య పరిశోధన మండలివారు 2020లో ప్రకటించిన ప్రకారము దినమునకు పురుషునకు 80, స్త్రీకి 65 మిల్లీగ్రాముల ‘సి’ విటమిను చాలును. ఒక్క మాత్రలో 500 ఉన్నది. అనగా పురుషుని అవసరమునకు ఆరురెట్లకు మించినది. మోతాదు పెరిగినకొలది శరీరము దానిని గ్రహించు పాలు తగ్గును, అధికమైనది మూత్రముతో పోవును. మితిమీరి వాడినచో కడుపునొప్పి, విరేచనములు కలుగవచ్చును. మూత్రపిండములలో రాళ్ళు గలవారు వైద్యుని అడుగకుండ వాడరాదు. జలుబు రాకుండ ఈ మాత్ర కాపాడునను నమ్మకమునకు సామాన్య జనులలో ఆధారము కనబడలేదు. క్రమముగా పుచ్చుకొనువారిలో జలుబు ఉండు కాలము మాత్రము కొద్దిగా తగ్గునని పరిశోధనలు చెప్పుచున్నవి. వైద్యుడు వ్రాసియిచ్చిన మాత్రను మానుమని మేము చెప్పుట లేదు. అడుగకుండ కొనునది అవసరమా యని ఆలోచింపుమనుచున్నాము.

మన ఆహారములలోని ఇట్టి విలువలను కొలుచు మహత్కార్యము మనకు చేరువనే ప్రారంభమైనది. కోయంబత్తూరునకు ఎగువనున్న నీలగిరులలో, కూనూరునందు, రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు 1918లో మొదలిడిన పరిశోధన పెరిగి పోషకాహార పరిశోధనాలయమైనది. 1937లో అచ్చటినుండి భారతీయ ఆహారముల విలువల పట్టిక వెలువడినది. ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలి, 1969నుండి జాతీయ పోషకాహార సంస్థయని పేరొందినది. ఆ సంస్థ పూర్వపు పట్టికలలో నూరు గ్రాములకు జామపండున 212, మునగాకున 220, అవిసాకున 169, పచ్చిమిరపకాయన 111, నిమ్మకాయన 39 మిల్లీగ్రాముల విటమిను చూపబడినది. ఉసిరికాయకు 600 అని యుండెను. 2017 నాటి పట్టికలో ఉసిరికాయకు ఇంచుమించు 250 అని యున్నది. సంఖ్య మారినది గాని, ఉసిరి గొప్పతనము తరుగలేదు. కాయ రకము, పక్వము, నేల, నిలువయుంచిన కాలము, కొలిచిన పద్ధతి, వీనినిబట్టి విలువ మారును. శాస్త్రమున సంఖ్య శిలాశాసనము కాదు. మరల కొలుచుటకు ఎల్లప్పుడును తావుండవలెను.

ఈ లెక్కన ఒక నడితరపు జామపండు ఒకనాటి అవసరమును తీర్చగలదు. ప్రయోగశాలలో విటమినును నశింపజేసిన శత్రువులే వంటయింటిలోను కలవు. అవి గాలి, వేడి, రాగి, ఆలస్యము. కావున ఆకుకూరను ముందు కడిగి తరువాత తరుగవలెను. తరిగిన వెంటనే వండవలెను. వార్చిన నీటిని పారబోయరాదు. పులుసును, నిమ్మరసమును కళాయిలేని రాగి, ఇత్తడి పాత్రలలో ఉంచరాదు. నిమ్మరసమును దించిన తరువాతనే పిండవలెను. మన పెద్దలు ఈ పనులలో పెక్కింటిని రసాయనశాస్త్రము చదువకుండనే చేయుచుండిరి.

ఇంటివద్ద చేయదగిన పరీక్ష

పెద్దలు దగ్గరనుండి చేయించినచో పిల్లలు ఇంటివద్దనే ఈ ప్రయోగపు ఛాయను చూడవచ్చును. ఒక 500 మి.గ్రా. మాత్రను లీటరు నీటిలో కరగింపవలెను. అయొడిన్ టింక్చరు ఒక పాలునకు తొమ్మిది పాళ్ళు నీరు కలుపవలెను. రెండు గాజు గ్లాసులలో ఒకదానియందు పది మిల్లీలీటరుల మాత్రనీరు, రెండవదానియందు వడకట్టిన నిమ్మరసము పది మిల్లీలీటరులు పోసి, రెంటికిని చల్లారిన పలుచని బియ్యపుగంజి ఒక చెంచా చేర్చి, నీలిరంగు నిలుచువరకు ఒకే డ్రాపరుతో చుక్కలు లెక్కించుచు టింక్చరునీటిని విడువవలెను. మాత్రనీటిలో ఐదు మిల్లీగ్రాములున్నవి గనుక, చుక్కల నిష్పత్తినిబట్టి నిమ్మరసపు విలువ ఉజ్జాయింపుగా తెలియును. ఆ గ్లాసులను పిమ్మట వంటకు వాడరాదు.

తెలుగున చదివిన పిల్లవాడు పై చదువులలో శాస్త్రమును అందుకొనగలడా యని సందేహించు తల్లిదండ్రులు కలరు. ఆ సందేహమును మేము తేలికగా త్రోసివేయము. అంశమాపనము, సూచకము, ప్రమాణ ద్రావణము అను మాటలను నేర్పునప్పుడే వాని తమిళ, ఆంగ్ల నామములను కూడ ప్రక్కన వ్రాయించుచున్నాము. అయితే మొదట అర్థమగుట ఇంటిమాటలోనే జరుగవలెను. అవ్వ నెల్లికాయ యన్నను, పుస్తకము ఉసిరికాయ యన్నను, అందులోని విటమిను ఒక్కటే. గంజి యను మాట తెలుగునను తమిళమునను ఒక్కటే. అది నీలమగుట యెందులకో ఇంటిమాటతో గ్రహించిన పిల్లవానికి తక్కిన పేరులు నేర్చుట కష్టము కాదు.

కావున మీ పిల్లలు ప్రయోగపుస్తకమును ఇంటికి తెచ్చినప్పుడు, వచ్చిన మార్కులను మాత్రమే అడుగక, ఎన్ని చుక్కలకు నీలిరంగు నిలిచినదో, ఆ సంఖ్యను ఏల నమ్మవచ్చునో అడుగుడు. మీరు అడుగు ఆ ప్రశ్న మేము తరగతిలో చెప్పు పాఠమునకు సగము బలమును చేకూర్చును.